వంకాయను నల్లబరిచే గుణంతో నీళ్లలో బిస్‌ఫినాల్‌ వేట

వంకాయలు తరిగేటప్పుడు పక్కన గిన్నెలో ఉప్పునీళ్లు పెట్టుకుంటాం. అరటికాయ ముక్కలైతే పల్చటి మజ్జిగలో వేస్తాం. వెయ్యకపోతే ముక్క నల్లబడుతుంది. కత్తి పడినచోట కణాలు చితికి, అప్పటిదాకా వేరువేరు గదుల్లో ఉన్న ఫినాల్‌ పదార్థాలూ, పాలీఫినాల్‌ ఆక్సిడేజ్‌ అనే ఎంజైమూ కలుస్తాయి. గాలిలోని ఆక్సిజన్‌ తోడవుతుంది. ఫినాల్‌ కాస్తా క్వినోన్‌ అవుతుంది, క్వినోన్లు ఒకదానికొకటి అతుక్కుని గోధుమరంగు తేలతాయి.

ఈ ఎంజైముకి దగ్గరి చుట్టం టైరోసినేజ్‌. మార్కెట్లో దొరికే తెల్ల బటన్‌ పుట్టగొడుగుల నుంచి తీసి, పొడిగా చేసి, ప్రయోగశాలలకు అమ్ముతారు. దాన్ని కార్బన్‌ ఎలక్ట్రోడ్‌ మీద నిలబెడితే, ప్లాస్టిక్‌ నుంచి నీళ్లలో కలిసిన బిస్‌ఫినాల్‌-ఏ లాంటి పదార్థాలను విద్యుత్‌ ప్రవాహంగా మార్చి చూపిస్తుంది. శరీరంలో హార్మోన్ల లెక్క తప్పించే కాలుష్యాలను కనిపెట్టడానికి ఎంజైము బయోసెన్సర్లు కావాలని చాలాకాలంగా సాగుతున్న ప్రయత్నంలో చాలా పని ఈ ఎంజైము చుట్టూ జరిగింది.

సూత్రం చక్కగా ఉంటుంది. చిక్కంతా ఆచరణలోనే. ముక్క నల్లబడకుండా వంటింట్లో వాడే ఉపాయాలన్నీ, అంటే ఉప్పు, పులుపు, ఉడికించడం, నీళ్లలో ముంచి గాలి తగలనివ్వకపోవడం, సరిగ్గా ఇవే ఈ సెన్సర్‌ నోరు నొక్కేస్తాయి. ఈ మాట గుర్తుంచుకుంటే సగం వైఫల్యాలకు కారణం ముందే తెలిసిపోతుంది.

ఎవరిని వెతుకుతున్నాం

బిస్‌ఫినాల్‌-ఏను రష్యన్‌ రసాయనవేత్త అలెగ్జాండర్‌ డయానిన్‌ 1891లో తయారుచేశాడు. 1930లలో బ్రిటన్‌లో చార్లెస్‌ డాడ్స్‌ బృందం కృత్రిమ ఈస్ట్రోజెన్ల కోసం వెతుకుతూ దీనికి ఆ గుణం ఉందని గమనించింది. అంటే ఇది ప్లాస్టిక్‌ ముడిసరుకుగా పెద్ద ఎత్తున వాడుకలోకి రాకముందే హార్మోన్‌లా ప్రవర్తిస్తుందని తెలుసు. తర్వాత పాలీకార్బొనేట్‌ ప్లాస్టిక్‌కూ, డబ్బాల లోపలి పూతలో వాడే ఎపాక్సీ రెసిన్‌కూ ఇదే మూలమైంది. మన ఇళ్లకు వచ్చే 20 లీటర్ల నీళ్ల క్యాన్లలో గట్టిగా, నీలంగా, గాజులా మెరిసే రకం చాలావరకు పాలీకార్బొనేటే. ఎండలో వేడెక్కినా, కాస్టిక్‌ లాంటి క్షారంతో పదేపదే కడిగినా ఆ ప్లాస్టిక్‌ గొలుసు కొద్దికొద్దిగా తెగి బిస్‌ఫినాల్‌ బయటికొస్తుంది.

దీని అణువులో రెండు ఫినాల్‌ వలయాలు ఒక కార్బన్‌ దగ్గర కలిసి ఉంటాయి. ఆడవాళ్ల ప్రధాన హార్మోన్‌ ఈస్ట్రడయోల్‌లోనూ ఒక చివర ఫినాల్‌ వలయమే. మన కణాల్లో ఆ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్‌, అంటే ఈస్ట్రోజెన్‌ గ్రాహకం, పట్టుకునేది ముఖ్యంగా ఆ ఫినాల్‌నే. డిటర్జెంట్ల నుంచి వచ్చే నానైల్‌ఫినాల్‌దీ అదే కథ. గ్రాహకాన్ని మోసగించే భాగమూ, టైరోసినేజ్‌ కొరికే భాగమూ ఒకటే కావడం ఈ సెన్సర్‌కు కలిసొచ్చిన అదృష్టం. కానీ అట్రజీన్‌ కలుపుమందు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, ఫ్లోరిన్‌ నిండిన పీఫాస్‌ రసాయనాల్లో ఫినాల్‌ లేదు. వాటిని ఇది తిని కరెంటు ఇవ్వలేదు.

ఎంత గాఢత వెతకాలి? యూరోపియన్‌ యూనియన్‌ 2020 నాటి తాగునీటి ఆదేశంలో బిస్‌ఫినాల్‌-ఏ పరిమితి లీటరుకు 2.5 మైక్రోగ్రాములు. అణుభారం 228.3 కాబట్టి ఇది దాదాపు 11 నానోమోలార్‌ (లీటరుకు ఒక మోల్‌లో వందకోట్లో వంతు ఉంటే 1 నానోమోలార్‌). ఈ వ్యాసంలో మనకు గీటురాయి ఈ 11.

దానికి పక్కనే ఇంకో అంకె ఉంది. యూరప్‌ ఆహార భద్రతా సంస్థ 2023లో రోజువారీ సురక్షిత మోతాదును కిలో శరీర బరువుకు 4 మైక్రోగ్రాముల నుంచి 0.2 నానోగ్రాములకు దించింది, అంటే 20,000 రెట్లు. జర్మనీ రిస్క్‌ అంచనా సంస్థ ఒప్పుకోలేదు, దానికి వెయ్యి రెట్లు ఎక్కువైన 0.2 మైక్రోగ్రాములు చాలంది. కొత్త అంకె ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు 12 నానోగ్రాములు. 2.5 మైక్రోగ్రాముల పరిమితిలోనే ఉన్న నీళ్లు రెండు లీటర్లు తాగితే 5,000 నానోగ్రాములు! ఆ 12 నానోగ్రాములను రెండు లీటర్లలో కలిపి చూస్తే లీటరుకు 6 నానోగ్రాములు, అంటే 26 పికోమోలార్‌ (పికో అంటే నానోలో వెయ్యో వంతు). అంత అడుగుకు నేరుగా ముంచే ఎంజైము ఎలక్ట్రోడ్‌ మామూలు పనిలో చేరదు. తాగునీటి పరిమితి చుట్టూ పనికొస్తుందా అన్నదే అడగదగిన ప్రశ్న.

ఎలక్ట్రోడ్‌ మీద జరిగేది

ఎంజైము లేకుండానే బిస్‌ఫినాల్‌ను ఎలక్ట్రోడ్‌ మీద ఆక్సీకరించవచ్చు. తటస్థ పీహెచ్‌ దగ్గర వోల్టేజీ కొలతకు ఆధారంగా పెట్టుకునే సిల్వర్‌-సిల్వర్‌ క్లోరైడ్‌ రిఫరెన్స్‌ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే సుమారు +0.5 నుంచి +0.6 వోల్టులు కావాలి. రెండు నష్టాలున్నాయి. ఆ వోల్టేజీ దగ్గర ఆక్సీకరణ చెందే సరుకు నీళ్లలో ఇంకా బోలెడు ఉంటుంది. రెండోది, ఫినాల్‌ నుంచి పుట్టిన రాడికల్స్‌ అక్కడే గొలుసుకట్టి, కరెంటు పారని పలుచని పొరలా ఎలక్ట్రోడ్‌ను కప్పేస్తాయి. రెండో కొలతకే సంకేతం పడిపోతుంది.

టైరోసినేజ్‌ ఈ దారి మార్చేస్తుంది. దాని గుండెలో పక్కపక్కనే రెండు రాగి అయాన్లుంటాయి, వాటి మధ్య ఆక్సిజన్‌ అణువు ఇరుక్కుంటుంది. ఫినాల్‌ వలయంలో హైడ్రాక్సిల్‌ పక్క స్థానంలో మరో హైడ్రాక్సిల్‌ను చేర్చి కెటికాల్‌ చేస్తుంది, దాన్ని వెంటనే క్వినోన్‌ చేస్తుంది. ఎలక్ట్రోడ్‌ను −0.05 నుంచి −0.2 వోల్టుల మధ్య ఉంచితే, ఆ క్వినోన్‌ రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు తీసుకుని తిరిగి కెటికాల్‌ అవుతుంది. ఆ ఎలక్ట్రాన్లే మనం కొలిచే కరెంటు.

కథ అక్కడితో ఆగదు. ఎలక్ట్రోడ్‌ తిప్పి ఇచ్చిన కెటికాల్‌ను పక్కనే ఉన్న ఎంజైము మళ్లీ క్వినోన్‌ చేస్తుంది, ఎలక్ట్రోడ్‌ మళ్లీ కెటికాల్‌ చేస్తుంది. ఒకే అణువు గానుగెద్దులా తిరుగుతూ పదేపదే లెక్కకొస్తుంది. నానోమోలార్‌ గాఢతలు పట్టుబడటానికి అసలు కారణం ఈ చక్రమే తప్ప, పరిశోధన పత్రాల శీర్షికల్లో మెరిసే నానో పదార్థాలు కాదు. అవి ఉపరితలం పెంచుతాయి, ఎలక్ట్రాన్ల దారి సులువు చేస్తాయి, అంతే. ఎంజైమూ ఎలక్ట్రోడూ ఎంత దగ్గరగా ఉంటే చక్రం అన్నిసార్లు తిరుగుతుంది. అందుకే మందపాటి పొర కన్నా పలుచటి పొర మేలు.

పక్క పాత్రలూ ఉన్నాయి. ట్రామెటిస్‌ అనే చెక్క బూజు నుంచి వచ్చే లాకేజ్‌ కూడా ఫినాళ్లను ఆక్సీకరిస్తుంది, ఎక్కువగా పీహెచ్‌ 4.5, 5 దగ్గర పనిచేస్తుంది. గుర్రపుముల్లంగి పెరాక్సిడేజ్‌కు హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ పోస్తూ ఉండాలి, దాని మోతాదు ఎక్కువైతే ఎంజైమే చెడుతుంది. 1988లో అరటిపండు గుజ్జును కార్బన్‌ పేస్టులో కలిపి డోపమైన్‌ను కొలిచినవాళ్లూ ఉన్నారు. చవక, కానీ పండు పండుకూ అంకె మారుతుంది.

తయారీ

3 మిల్లీమీటర్ల వ్యాసమున్న గ్లాసీ కార్బన్‌ ఎలక్ట్రోడ్‌తో మొదలుపెడదాం. 1 మైక్రాన్‌, తర్వాత 0.3, చివరగా 0.05 మైక్రాన్ల అల్యూమినా ముద్దతో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పుతూ పాలిష్‌ చెయ్యాలి. మెట్టు మారేటప్పుడు కడగకపోతే ముతక రేణువులు నున్నటి గుడ్డ మీదికి చేరి గీతలు పెడతాయి. ఇథనాల్‌లో, నీళ్లలో చెరో రెండు నిమిషాలు సోనికేట్‌ చేసి (అంటే ధ్వని తరంగాలతో కుదిపి), 0.1 మోలార్‌ పొటాషియం క్లోరైడ్‌లో 5 మిల్లీమోలార్‌ ఫెర్రిసయనైడ్‌తో సైక్లిక్‌ వోల్టామెట్రీ, అంటే వోల్టేజీని ముందుకీ వెనక్కీ తిప్పుతూ కరెంటు గీసే పరీక్ష, చూడండి. రెండు శిఖరాల మధ్య దూరం 70, 80 మిల్లీవోల్టుల్లో ఉంటే మంచిది. వంద దాటితే మళ్లీ పాలిష్‌ చెయ్యాల్సిందే. ఈ పరీక్ష అయ్యాక ఎలక్ట్రోడ్‌ను శుభ్రంగా కడగాలి, అంటుకున్న క్లోరైడ్‌ తర్వాత ఇబ్బంది పెడుతుంది.

ఆధార పొరకు కైటోసాన్‌లో కలిపిన బహుళగోడల కార్బన్‌ నానోట్యూబులు చాలు. కైటోసాన్‌ను రొయ్యల పొట్టు నుంచి తీస్తారు, మన కోస్తాలో దానికి కొదవలేదు. 1 శాతం ఎసిటిక్‌ ఆమ్లంలో 0.5 శాతం కైటోసాన్‌ కరిగించి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము నానోట్యూబులు వేసి అరగంట సోనికేట్‌ చెయ్యాలి. నానోట్యూబుల్ని ముందుగా నైట్రిక్‌ ఆమ్లంలో మరిగించి కడగకపోతే, తయారీలో మిగిలిన ఇనుము, నికెల్‌ రేణువులు వాటంతట అవే కరెంటు ఇచ్చి మనల్ని బోల్తా కొట్టిస్తాయి. ఇందులో 5 మైక్రోలీటర్లు ఎలక్ట్రోడ్‌ మీద బొట్టుపెట్టి ఆరనివ్వాలి. చుక్క ఆరేటప్పుడు సరుకంతా అంచుకు చేరి కాఫీ మరకలా వలయం కడుతుంది. దానిపై చిన్న గిన్నె బోర్లించి నెమ్మదిగా ఆరబెడితే ఈ బెడద తగ్గుతుంది.

తర్వాత ఎంజైము. 50 మిల్లీమోలార్‌, పీహెచ్‌ 7 ఫాస్ఫేట్‌ బఫర్‌లో (పీహెచ్‌ మారకుండా నిలబెట్టే ద్రావణం) మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. 5 మైక్రోలీటర్లు వేస్తే 25 మైక్రోగ్రాములు పడుతుంది. సీసా మీద మిల్లీగ్రాముకు 1,000 యూనిట్లని రాసి ఉంటే 25 యూనిట్లు అన్నమాట. ఇక్కడ ఒక తిరకాసుంది. టైరోసినేజ్‌ అమ్మేవాళ్లు వాడే యూనిట్‌ సాధారణంగా టైరోసిన్‌ ద్రావణం 280 నానోమీటర్ల దగ్గర నిమిషానికి 0.001 శోషణ మారడం. నిమిషానికి ఒక మైక్రోమోల్‌ అనే అంతర్జాతీయ యూనిట్‌ కాదు. రెండింటినీ కలిపి పోల్చిన పట్టికలు చాలానే కనిపిస్తాయి. ఎంజైమును కైటోసాన్‌ ఆమ్ల ద్రావణంలోనే కలిపేసి ఒకే చుక్కగా వెయ్యడం సులువనిపిస్తుంది కానీ, మజ్జిగలో వేసిన అరటికాయ ముక్క సంగతే అవుతుంది. విడివిడి పొరలే మంచిది.

అతికించడానికి గ్లుటరాల్డిహైడ్‌. 25 శాతం సీసా నుంచి 50 రెట్లు పలచన చేసి, 0.5 శాతం ద్రావణం 2 మైక్రోలీటర్లు వేసి అరగంట ఉంచాలి. ఇది ఎంజైములోని లైసిన్‌ కొక్కేలను కైటోసాన్‌ కొక్కేలతో ముడివేస్తుంది. తక్కువైతే మొదటి కడుగుకే ఎంజైము ఊడిపోతుంది. ఎక్కువైతే బిగుసుకుపోయి కదల్లేదు, ఫినాల్‌ లోపలికి దూరలేదు. నెలల తరబడి తెరిచి ఉన్న సీసా దానంతట అదే గొలుసుకట్టి బలం మారుతుంది కాబట్టి పాత మోతాదు పనిచెయ్యదు. మిగిలిన ఆల్డిహైడ్‌ను 0.1 మోలార్‌ గ్లైసిన్‌తో పనిచెయ్యకుండా చేసి, బఫర్‌తో కడిగి, రాత్రంతా 4 డిగ్రీల దగ్గర ఉంచాలి.

ఇదే రోజున ఇంకో ఎలక్ట్రోడ్‌ కూడా చెయ్యాలి. అన్నీ అవే పొరలు, ఎంజైమును మాత్రం 90 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉడికించి వెయ్యాలి. ఉడికిన ఎంజైము ఎలక్ట్రోడూ బిస్‌ఫినాల్‌కు స్పందిస్తే, మీరు కొలుస్తున్నది ఎంజైము పని కాదు, కార్బన్‌ పని. ఈ జంట ఎలక్ట్రోడ్‌ లేని పత్రాన్ని కాస్త అనుమానంగా చదవడం మంచిది.

కొలత

22.8 మిల్లీగ్రాముల బిస్‌ఫినాల్‌-ఏను 10 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో కరిగిస్తే 10 మిల్లీమోలార్‌ నిల్వ ద్రావణం. దాన్ని బఫర్‌తో వెయ్యి రెట్లు పలచన చేస్తే 10 మైక్రోమోలార్‌. ఏ రోజుకారోజు చేసుకోవాలి. గాజు పాత్రలో 10 మిల్లీలీటర్ల బఫర్‌ పోసి, కలుపుతూ, −0.1 వోల్టు పెట్టి, కరెంటు గీత నిలకడగా వచ్చేదాకా ఐదు పది నిమిషాలు ఆగాలి. తొందరపడి మొదటి చుక్క వేస్తే, దిగిపోతున్న గీతను సంకేతమనుకుంటాం. ఇప్పుడు 10 మైక్రోలీటర్లు వేస్తే పాత్రలో 10 నానోమోలార్‌. కరెంటు ఒక మెట్టు ఎక్కి నిలుస్తుంది. అలా మెట్టు మెట్టుగా 20, 40, 80, 160. గాఢతకు ఎదురుగా కరెంటును గీస్తే, గాఢత పెరిగేకొద్దీ ఆ గీత వంగుతుంది, అది ఎంజైముకు పని నిండిపోయిన గుర్తు. అంతకుముందు వంపు లేకుండా తిన్నగా ఉన్న భాగాన్నే లెక్కకు తీసుకోవాలి.

పనిచేస్తున్న పరికరాలన్నీ గాజువే అయివుండాలి. పాలీకార్బొనేట్‌ గొట్టంలో నమూనా తెచ్చి అందులో బిస్‌ఫినాల్‌ కనిపెట్టామంటే నవ్విపోతారు. నైలాన్‌ వడపోత పొర దీనికి తిరగబడిన కేసు, బిస్‌ఫినాల్‌ను తనే పీల్చేసుకుంటుంది. గ్లాస్‌ ఫైబర్‌ వడపోత వాడాలి. సూపర్‌ మార్కెట్‌ బిల్లు కాగితం పట్టుకున్న చేత్తో సీసా మూత తియ్యకూడదు. ఆ నున్నటి థర్మల్‌ కాగితం మీద అచ్చుపడే రసాయనం చాలాచోట్ల బిస్‌ఫినాల్‌-ఏ, లేదా దాని బదులు వాడే బిస్‌ఫినాల్‌-ఎస్‌.

ఆక్సిజన్‌ విషయంలో చాలామంది పొరబడతారు. రుణ వోల్టేజీలో పనిచేసేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ కూడా ఎలక్ట్రోడ్‌ మీద క్షయకరణ చెంది నేపథ్యపు కరెంటు ఇస్తుంది. అలవాటుగా నైట్రోజన్‌ పంపి దాన్ని తరిమేస్తే గీత చదునవుతుంది, దాంతోపాటే సంకేతమూ పోతుంది. టైరోసినేజ్‌కు ఆక్సిజనే తిండి మరి. 25 డిగ్రీల దగ్గర గాలితో నిండిన నీళ్లలో సుమారు 0.26 మిల్లీమోలార్‌ ఆక్సిజన్‌ ఉంటుంది, అది చాలు. మురుగునీటి నమూనాలో ఆక్సిజన్‌ దాదాపు ఉండదు. కొలిచే ముందు గాలి బాగా కలపకపోతే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నేపథ్యాన్ని తగ్గించాలంటే చెయ్యాల్సింది వోల్టేజీని −0.05 వైపు జరపడమే.

ఉప్పు పంచాయితీ

వంకాయకు ఉప్పునీళ్లు ఎందుకు పనిచేస్తాయంటే, నీళ్లు గాలిని దూరంగా ఉంచడంతోపాటు క్లోరైడ్‌ ఆ రాగి అయాన్ల దగ్గర చేరి ఎంజైమును మందగింపజేస్తుంది. పీహెచ్‌ తగ్గేకొద్దీ ఈ దెబ్బ పెరుగుతుంది. ఆమ్ల బఫర్‌లో పొటాషియం క్లోరైడ్‌ పోసి టైరోసినేజ్‌ సెన్సర్‌ నడపడమంటే ముక్కల్ని ఉప్పులోనూ మజ్జిగలోనూ వేసి నల్లబడమని కోరడమే. అందుకే పీహెచ్‌ 7, క్లోరైడ్‌ లేని ఫాస్ఫేట్‌.

కానీ స్క్రీన్‌ ప్రింటెడ్‌ స్ట్రిప్పుల మీద, అంటే ఎలక్ట్రోడ్లను సిరాతో అచ్చువేసిన చిన్న పట్టీల మీద, రిఫరెన్స్‌గా ఉండేది వెండి సిరా గీత. దాని వోల్టేజీ నిలకడ చుట్టూ ఉన్న క్లోరైడ్‌ మీదే ఆధారపడుతుంది, క్లోరైడ్‌ పది రెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టులు జరుగుతుంది. ఎంజైముకు ఉప్పు పడదు, రిఫరెన్స్‌కు ఉప్పు లేనిదే నడవదు. 10 మిల్లీమోలార్‌ పొటాషియం క్లోరైడ్‌ను ప్రతి నమూనాలోనూ, గాఢత ముందే తెలిసిన ప్రతి ప్రామాణిక ద్రావణంలోనూ ఒకేలా వేసి ఇద్దరికీ రాజీ కుదర్చాలి. బోరు నీళ్లలో క్లోరైడ్‌ సొంతంగానే ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్‌ 10500లో కోరదగిన పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు, అంటే 7 మిల్లీమోలార్‌. వేరే నీళ్లు దొరకనిచోట 1,000 వరకు అనుమతి, అది 28 మిల్లీమోలార్‌. ఉప్పు బోరు నీళ్లను నాలుగైదు రెట్లు బఫర్‌తో పలచన చెయ్యకుండా కొలవకూడదు. చేస్తే బిస్‌ఫినాల్‌ కూడా అన్ని రెట్లు పలచనవుతుందన్నది వేరే తలనొప్పి. గాజు గొట్టం రిఫరెన్స్‌ వాడేవాళ్లు డబుల్‌ జంక్షన్‌ది తీసుకోవాలి, లేకపోతే అందులోంచి క్లోరైడ్‌ మెల్లగా కారుతుంది.

కుళాయి నీళ్లదైతే క్లోరిన్‌ సమస్య. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్‌ ఉండాలని అదే ప్రమాణం చెబుతుంది. అది ఎంజైమునూ చెడగొడుతుంది, సీసాలో నిలవ ఉండగానే బిస్‌ఫినాల్‌ వలయాలకు క్లోరిన్‌ తగిలించి వేరే పదార్థంగానూ మార్చేస్తుంది. నమూనా పట్టిన క్షణంలోనే ఆ క్లోరిన్‌ను ఏదైనా రసాయనంతో విరిచెయ్యాలి. క్రొమటోగ్రఫీ చేసేవాళ్లకు విటమిన్‌-సి వెయ్యడం అలవాటు. ఇక్కడ అది కొంప ముంచుతుంది, కోసిన ఆపిల్‌ ముక్కకు నిమ్మరసం రాసినట్టే విటమిన్‌-సి పుట్టిన క్వినోన్‌ను ఎలక్ట్రోడ్‌ కన్నా ముందే వెనక్కి తిప్పేస్తుంది. సోడియం థయోసల్ఫేట్‌ కొంత నయం. అదైనా క్లోరిన్‌కు సరిపడా మాత్రమే, ఖాళీ నమూనాలోనూ ప్రామాణికాల్లోనూ అంతే మోతాదులో వెయ్యాలి.

అంకెల్ని చదవడం

ఒక ఉదాహరణ లెక్క వేసుకుందాం. గీత ఊగిసలాట 0.4 నానోఆంపియర్లు, వాలు ఒక్కో నానోమోలార్‌కు 0.2 నానోఆంపియర్లు అనుకుందాం. గుర్తింపు పరిమితి అంటే ఊగిసలాటకు మూడు రెట్లను వాలుతో భాగించడం, 6 నానోమోలార్‌ వస్తుంది. లీటరుకు 1.4 మైక్రోగ్రాములు. 2.5 పరిమితి కన్నా తక్కువే కదా, సెన్సర్‌ పాసైనట్టేనని రాసేస్తారు. కానీ ఆరు దగ్గర చెప్పగలిగేది "ఏదో ఉంది" అని మాత్రమే. "ఇంత ఉంది" అని చెప్పాలంటే మూడు బదులు పది రెట్లు తీసుకోవాలి, అది 20 నానోమోలార్‌, 4.6 మైక్రోగ్రాములు. పరిమితి దాటిందో లేదో తేల్చాల్సిన చోటే ఈ సెన్సర్‌ అంకె పలకలేదు. ఇది కూడా శుభ్రమైన బఫర్‌లో, కొత్త ఎలక్ట్రోడ్‌తో.

చెరువు నీళ్లలో హ్యూమిక్‌ ఆమ్లాలు పొర మీద పేరుకుని వాలును తగ్గిస్తాయి. నమూనా 1.0 నానోఆంపియర్‌ ఇచ్చిందనుకుందాం. బఫర్‌ వాలుతో లెక్కిస్తే 5 నానోమోలార్‌. అదే నమూనాలో తెలిసిన బిస్‌ఫినాల్‌ను రెండు మూడు విడతలు కలిపి చూస్తే వాలు 0.1 మాత్రమే అని తేలిందనుకోండి, అసలు విలువ 10. తేడా రెండింతలు. ప్రామాణిక చేర్పు అనే ఈ పద్ధతిని ప్రతి కొత్త నీటి వనరుకూ వాడాల్సిందే.

అయితే ఆ పద్ధతి కూడా పరాయి ఫినాళ్లను వేరుచెయ్యలేదు. ఈ సెన్సర్‌కున్న అన్నిటికన్నా పెద్ద బలహీనత ఇదే. ఐఎస్‌ 10500 ప్రకారం తాగునీళ్లలో ఫినాల్‌ పదార్థాలు లీటరుకు 1 మైక్రోగ్రాము వరకు ఉండొచ్చు, మామూలు ఫినాల్‌ లెక్కలో అది 10.6 నానోమోలార్‌. మన గీటురాయి 11! పైగా టైరోసినేజ్‌కు కెటికాల్‌, పారా-క్రెసాల్‌, ఫినాల్‌ లాంటి చిన్న అణువులంటే బిస్‌ఫినాల్‌ కన్నా ఎక్కువ ఇష్టం, బండగా ఉండే బిస్‌ఫినాల్‌ ఆ రాగి గుంటలో అంత సులువుగా ఇమడదు. కాబట్టి భారతీయ ప్రమాణానికి పూర్తిగా లోబడిన నీళ్లే ఈ సెన్సర్‌కు యూరప్‌ బిస్‌ఫినాల్‌ పరిమితి దాటినట్టు కనిపించవచ్చు. దీనికి ఎదురుగా, బిస్‌ఫినాల్‌-ఎస్‌లో సల్ఫోనైల్‌ గుంపు వలయం నుంచి ఎలక్ట్రాన్లను లాగేస్తుంది కనుక ఎంజైము దాన్ని అంతగా ముట్టదు. "బీపీఏ (బిస్‌ఫినాల్‌-ఏ) లేదు" అని ముద్రవేసి బిస్‌ఫినాల్‌-ఎస్‌ వాడిన సరుకు ఇక్కడ నిర్దోషిగా బయటపడుతుంది.

ఎలక్ట్రోడ్‌ ముసలితనం కూడా లెక్కలో ఉండాలి. కెటికాల్‌ను ఆక్సీకరిస్తూనే టైరోసినేజ్‌ తన రాగిని తనే పాడుచేసుకుంటుంది, దీన్ని ఆత్మహత్యా నిష్క్రియత అంటారు. తిరిగిరాని క్వినోన్లు గొలుసుకట్టి పొర మీద గోధుమరంగు తేల్చుతాయి, వంకాయ ముక్క మీద తేలినట్టే. ఎక్కువ గాఢత చూపించిన తర్వాత వెంటనే తక్కువ గాఢత కొలిస్తే తప్పు వస్తుంది. ప్రతి ఐదారు నమూనాలకోసారి 40 నానోమోలార్‌ ప్రామాణికం పెట్టి చూసి, స్పందన పది శాతానికి మించి తగ్గితే ఎలక్ట్రోడ్‌ మార్చేయాలి.

ఫినాల్‌ లేనివాటికి అడ్డదారి

ఎంజైము తినలేని కాలుష్యం దాని నోరు కట్టేస్తే, ఆ తగ్గుదలనే కొలవవచ్చు. అట్రజీన్‌ టైరోసినేజ్‌ను నిరోధిస్తుంది, కాబట్టి ముందు కెటికాల్‌తో కరెంటు చూసి, నమూనా కలిపాక ఎంత శాతం తగ్గిందో లెక్కిస్తారు. థైరాయిడ్‌ మీద ప్రభావం చూపుతుందని జంతువుల్లో కనిపించిన క్లోర్‌పైరిఫాస్‌ లాంటి పురుగుమందులకు ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌ వాడతారు. నమూనాలో ఎలక్ట్రోడ్‌ను పది నిమిషాలు నానబెట్టి, ఎసిటైల్‌థయోకొలిన్‌ ఇచ్చి, పుట్టే థయోకొలిన్‌ కరెంటు చూస్తారు. ఇందులో ఒక మెలిక. క్లోర్‌పైరిఫాస్‌, మలాథియాన్‌లలో ఫాస్ఫరస్‌కు సల్ఫర్‌ అంటుకుని ఉంటుంది, ఆ రూపం ఎంజైమును పెద్దగా కట్టడి చెయ్యదు. శరీరంలో కాలేయం సల్ఫర్‌ బదులు ఆక్సిజన్‌ పెట్టాకే అది అసలు విషం. ప్రయోగశాలలో బ్రోమిన్‌ నీళ్లతో ఆ పని చెయ్యకపోతే మందు ఉన్నా లేనట్టే చూపిస్తుంది. కట్టుబడిన ఎంజైమును విడిపించడానికి వాడేది, పురుగుమందు తాగిన కేసుల్లో ఆసుపత్రిలో ఇచ్చే ప్రాలిడాక్సిమ్‌ ఇంజెక్షన్‌ మందే.

నిరోధ సెన్సర్లు ఇంకా గుడ్డివి. పాదరసం, రాగి, డిటర్జెంట్‌, పీహెచ్‌ మార్పు, ఏది తగిలినా తగ్గుదలే. లేనిదాన్ని ఉందనడంలో వీటికి పెట్టింది పేరు.

మరి ఎక్కడ వాడాలి

జల్లెడగా. క్యాన్లు నింపే ప్లాంటులో కడుగు నీళ్లను వారం వారం చూసుకోవడానికి, శుద్ధి యూనిట్‌కు ముందూ వెనకా తేడా గమనించడానికి, వంద నమూనాల్లో లాబ్‌కు పంపాల్సిన పది ఏవో ఏరడానికి ఈ సెన్సర్‌ బాగా పనికొస్తుంది. ఫలితాన్ని "బిస్‌ఫినాల్‌-ఏ ఇంత" అని రాయకూడదు, "బిస్‌ఫినాల్‌-ఏతో సమానమైన ఫినాల్‌ స్పందన ఇంత" అని రాయాలి. ఇంకా తక్కువ గాఢత కావాలంటే 500 మిల్లీలీటర్ల నీళ్లను బిస్‌ఫినాల్‌ లాంటివాటిని పట్టి ఉంచే సి-18 అనే వడపోత గుళికలోంచి పంపి, మిథనాల్‌తో దించి, 50 మైక్రోలీటర్లకు ఆవిరి చేసి, 10 మిల్లీలీటర్ల బఫర్‌లో కలిపితే యాభై రెట్లు చిక్కబడుతుంది, మిథనాల్‌ అర శాతంలోనే ఉంటుంది. ఉప్పు కూడా గుళికలోంచి కారిపోతుంది కనుక క్లోరైడ్‌ బాధ తప్పుతుంది. పరాయి ఫినాళ్లు మాత్రం వెంటే చిక్కబడతాయి.

అనుమానం వచ్చిన నమూనాకు తోడుగా అదే కుళాయి నుంచి రెండో సీసా ముందే పట్టి ఉంచాలి. మిథనాల్‌తో కడిగిన గోధుమరంగు గాజు సీసా, టెఫ్లాన్‌ పొర ఉన్న మూత, క్లోరిన్‌ను విరిచి, నిండా పట్టి, 4 డిగ్రీల దగ్గర. అణువులను విడదీసి బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్‌ యంత్రమున్న లాబ్‌కు వెళ్లాల్సింది ఆ రెండోదే, సెన్సర్‌ ముంచిన మొదటిది కాదు.